మేస్త్రి అడిగిన ఫ్లోచార్టు

జైలు, రెండో బ్యారక్
ఫిబ్రవరి

అక్కకి,

నా ఉత్తరం అనగానే చింపి చెత్తబుట్టలో పడేస్తావని తెలుసు. పడేసే ముందు ఈ ఒక్కటి చదువు. డబ్బులు అడగడం లేదు, క్షమించమనీ అడగడం లేదు. ఒక బొమ్మ గురించి అడుగుతున్నాను.

ఇక్కడికి వారానికోసారి ఒక టీచరమ్మ వచ్చి కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. కంప్యూటర్ మాత్రం లేదు. ఉన్నది నల్లబల్ల, సుద్దముక్క. ముందు ఫ్లోచార్టు వేయడం రావాలట. మొదలుకీ ముగింపుకీ కోడిగుడ్డు లాంటి గడి. చేసే పనికి నలుపలకల పెట్టె. లోపలికి వచ్చే సమాచారానికీ బయటికి వెళ్లేదానికీ పక్కకి వాలిన పెట్టె. ప్రశ్నకి పేకముక్క మీద ఉండే డైమండు గుర్తు. అన్నిటినీ కలుపుతూ బాణాలు. "మీరు చేసిన ఏదైనా ఒక పని తీసుకుని గీసుకురండి" అంది.

అందరూ టీ కాచడం, గడ్డం గీసుకోవడం గీశారు. నేను టైరు షాపు గీశాను. కోడిగుడ్డు: మొదలు. పెట్టె: ఓనరు తిట్టాడు. పెట్టె: వీల్ స్పానర్ తీశాను. పెట్టె: కొట్టాను. పెట్టె: మళ్ళీ కొట్టాను. కోడిగుడ్డు: ముగింపు.

టీచరమ్మ దాన్ని చూసి "ఇందులో డైమండు ఎక్కడ?" అంది.

"అక్కడ డైమండు ఏమీ లేదమ్మా" అన్నాను.

"అయితే ఇది ఫ్లోచార్టు కాదు. మళ్ళీ వేసుకురా" అని వెళ్లిపోయింది.

నువ్వు ఫ్యాక్టరీలో మెషిన్లకి ఇలాంటివే గీసి గోడకి అంటిస్తావు కదా. నాకు తెలిసినవాళ్లలో ఈ విద్య వచ్చినదానివి నువ్వొక్కదానివే. డైమండు ఎక్కడ పెట్టాలో చెప్పు.

ఈ ఉత్తరాలు ఆఫీసులో ఒక సారు చదివి పంపుతారు. సారూ, మా అక్క జవాబు రాస్తే అందులో నన్ను తిడుతుంది. ఆ భాగం కొట్టేయకండి. ఆమె తిట్లు విని చాలా కాలమైంది.

ఏ గొడవలోనూ ఇరుక్కోకపోతే సెప్టెంబరులో విడుదల అన్నారు.

తమ్ముడు

&nbsp;

సీసాల ఫ్యాక్టరీ క్వార్టర్లు
ఫిబ్రవరి చివర

ఒరేయ్,

చింపలేదు. చింపడానికే కవరు తెరిచాను. బొమ్మ అనేసరికి చెయ్యి ఆగిపోయింది. నా బలహీనత నీకు బాగా తెలుసు.

మీ ఓనరు మా ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే వెళతాడు. కర్ర సాయంతో. ఇప్పటికీ మాట ముద్దగా వస్తుంది, టీ తాగితే ఒక పక్క నుంచి కారిపోతుంది. ఆయన ఎదురుపడితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను షాపులోకి దూరిపోతాను. కొట్టింది నువ్వు, దాక్కునేది నేను. ఈ మాట సారు కొట్టేసినా సరే, మళ్ళీ రాస్తాను.

ఇక డైమండు సంగతి. దానిలోకి ఒక బాణం వస్తుంది, రెండు బాణాలు బయటికి వెళతాయి. ఒకదాని మీద అవును, ఇంకోదాని మీద కాదు. ఆ రెండూ వేర్వేరు చోట్లకి వెళ్లాలి. రెండూ ఒకే పెట్టెకి వెళితే అది ప్రశ్న కాదు, వేషం.

నీ బొమ్మలో డైమండు లేదని ఎవరన్నారు? ఉంది. మొదటి "కొట్టాను"కీ రెండో "కొట్టాను"కీ మధ్య ఉంది. "అతను కింద పడ్డాడా?" అన్నది ఆ ప్రశ్న. పడ్డాడు, కోర్టులో అందరూ చెప్పారు. అవును నుంచి బాణం ముగింపుకి వెళ్లాలి. నువ్వు దాన్ని కూడా కొట్టడానికే తిప్పావు. మొదటి దెబ్బకి జైలుకి వెళ్లి ఉంటే నేను నెలనెలా వచ్చి చూసేదాన్నిరా. నన్ను రాకుండా చేసింది ఆ రెండో దెబ్బ.

మళ్ళీ గీసి టీచరమ్మకి చూపించు. తెలియనిది ఉంటే అడుగు. బొమ్మల గురించే అడుగు.

అక్క

&nbsp;

జైలు, రెండో బ్యారక్
ఏప్రిల్

అక్కా,

డైమండు పెట్టి గీశాను. టీచరమ్మ టిక్కు పెట్టింది. నాకు మాత్రం ఆ కాగితం వైపు చూడబుద్ధి కావడం లేదు.

అయితే ఆ టిక్కు వల్ల నా పేరు మారుమోగిపోయింది. అందరూ వచ్చి గీయించుకుంటున్నారు. ఒకడు పెళ్ళాన్ని ఒప్పించడానికి ఫ్లోచార్టు వేయమన్నాడు. వేశాను. ఏ బాణం పట్టుకుని వెళ్లినా "క్షమాపణ చెప్పు" దగ్గరికే వస్తోంది. "ఇది తప్పు బొమ్మరా" అని అలిగి వెళ్లిపోయాడు.

మా బ్యారక్‌లో మేస్త్రి అని ఒకడున్నాడు. బయట భవనాలు కట్టించేవాడు, ఒక మనిషిని చంపి వచ్చాడు. ఇక్కడ ఎవరు ఎక్కడ పడుకోవాలో, ఎవరికి కూర ఎంత పడాలో అతను చెప్పిందే. మొన్న కుళాయి దగ్గర తన బకెట్ పక్కకి జరిపినవాడి ముఖాన్ని అదే కుళాయికి బాదాడు. పళ్లు నీళ్లతోపాటు తూములోకి పోయాయి. మేము వరసలో నిలబడి మా బకెట్లు నింపుకున్నాం. నేను కూడా.

ఆ మేస్త్రి నన్ను పిలిచి ఒక చార్టు గీయమన్నాడు. వంటశాలలో పొయ్యి ఆర్పే పని. ముగ్గురు మనుషులు, ముగ్గురికీ మూడు కాగితాలు. ఒకరి పని ఇంకొకరికి తెలియకూడదు, కానీ అందరి పనీ ఒకదానికొకటి అతకాలి. అలా గీయొచ్చా? కాగితం నుంచి కాగితానికి బాణం ఎలా వెళుతుంది?

తమ్ముడు

&nbsp;

సీసాల ఫ్యాక్టరీ క్వార్టర్లు
ఏప్రిల్

ఒరేయ్,

దానికి చిన్న సున్నా ఉంటుంది. బాణం కాగితం చివరికి వచ్చాక ఒక సున్నా గీసి లోపల అంకె వేస్తావు. ఇంకో కాగితం మీద అదే అంకె ఉన్న సున్నా దగ్గర పని మళ్ళీ మొదలవుతుంది. సులువే. సులువు కాబట్టే నేను దాంతో తల వాచేలా తిట్లు తిన్నాను.

సీసాలు కడిగే మెషినుకి ఒకటి, నింపే మెషినుకి ఒకటి, మూత బిగించేదానికి ఒకటి, ఇలా మూడు చార్టులు విడివిడిగా గీసి ఎవరిది వాళ్ల దగ్గర అంటించాను. కడిగేవాడు మూతవాడి పచ్చలైటు కోసం ఆగాలి. మూతవాడు నింపేవాడి కోసం ఆగాలి. నింపేవాడు కడిగేవాడి కోసం. ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. ముగ్గురూ ఫోటోకి నిలబడ్డట్టు ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ నిలబడిపోయారు. మేనేజరు వచ్చి అడిగితే ప్రతివాడూ తన చార్టు చూపించాడు. ఏ చార్టుకి ఆ చార్టు సరిగ్గానే ఉంది. మూడూ పక్కపక్కన పరిస్తే తప్ప తప్పు కనపడదు.

ఇప్పుడు నా ప్రశ్న. ఏ పొయ్యిరా అది? నేను ఇన్నేళ్లుగా పొయ్యిలు ఆర్పుతున్నాను, ఎప్పుడూ ముగ్గురు అక్కర్లేదు. ఒకరి పని ఒకరికి తెలియకుండా ఆర్పాల్సిన పొయ్యి ఏముంటుందిరా? నీళ్లు పోసే ముందు ఆ పొయ్యి పారిపోతుందని భయమా?

దాని జోలికి వెళ్లావంటే ఈసారి చెంప పగలగొట్టడానికైనా నేనే జైలుకి వస్తాను. సెప్టెంబరుకి ఎంతో దూరం లేదు.

అక్క

&nbsp;

జైలు
మే
(చేతికిచ్చి పంపుతున్నాను)

అక్కా,

ఇది తెచ్చిన మనిషి మా క్షురకుడు. ఈరోజే విడుదలయ్యాడు. సారు కళ్లు పడని ఉత్తరం కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పొయ్యి మనిషే. గుమాస్తా అంటాం. మేస్త్రి పనిచేసిన కాంట్రాక్టరు దగ్గరే లెక్కలు రాసేవాడు. మేస్త్రి కేసులో కోర్టుకి వెళ్లి చూసింది చెప్పాడు. తర్వాత తనే ఏదో దొంగసంతకం కేసులో ఇక్కడికి వచ్చి పడ్డాడు. బట్టలు ఉతికే షెడ్డులో నాతోపాటే పని చేస్తాడు. బాయిలరు ఆయనది, దుప్పట్లు పిండే రోలరు నాది. పిట్టంత మనిషి. ఎవరైనా గట్టిగా దగ్గితే ఉలిక్కిపడతాడు.

పోయినసారి మేస్త్రి ఇంకొకడిని చంపించబోతే మనుషుల్లో ఒకడు భయపడి మొత్తం కక్కేశాడట. అందుకే ఈసారి ఎవరికీ మొత్తం తెలియకూడదంటాడు. "ఇటుకలు మోసేవాడికి ఇల్లెలా ఉంటుందో ఎందుకురా?" అన్నాడు. ఒకడు తలుపు మూయాలి. ఒకడు వెనక నుంచి పట్టుకోవాలి. ఒకడు ఆరేసిన దుప్పట్ల చాటు నుంచి వచ్చి అరగదీసిన స్పూనుతో పొడవాలి. గీయనంటే నా సంగతేమిటని అడిగాను. నా వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని చూసి "మంచి చెయ్యి" అన్నాడు. ఆఫీసుకి చెబుదామంటే, షెడ్డు దగ్గర కాపలావాడు మేస్త్రి సిగరెట్లే కాలుస్తాడు. ఎవడు ఎవడి మనిషో తెలియదు.

నీ సీసాల తప్పునే గీశాను అక్కా. తలుపువాడేమో, పట్టుకునేవాడు గుమాస్తా వెనక్కి చేరాడా లేదా చూడాలి. రాకపోతే ఆగాలి. పట్టుకునేవాడేమో, దుప్పట్ల చాటు నుంచి స్పూనువాడు కదిలాడా చూడాలి. కదలకపోతే ఆగాలి. స్పూనువాడేమో, తలుపు మూశారా చూడాలి. మూయకపోతే ఆగాలి. మేస్త్రి ఒక్కో కాగితం తీసుకుని చదివి తల ఊపాడు. మూడూ కలిపి చూడలేదు.

నాకు భయంగా ఉంది. రాత్రుళ్లు నా చెయ్యి నేనే పట్టుకుని పడుకుంటున్నాను.

తమ్ముడు

&nbsp;

సీసాల ఫ్యాక్టరీ క్వార్టర్లు
మే

ఒరేయ్ నాన్నా,

క్షురకుడు వచ్చాడు. జవాబు రాసి పెట్టమన్నాడు, సారు కంట పడకుండా లోపలికి చేరుస్తాడట. టీ ఇచ్చాను. ఆయన వెళ్లాక తలుపు గడియ పెట్టుకుని ఇది రాయడానికి కూర్చున్నాను.

నీకు జ్వరంగా ఉందని చెప్పి ఆసుపత్రి వార్డులో చేరు. కడుపునొప్పి అను, కళ్లు తిరుగుతున్నాయను, ఏదో ఒకటి అను. ఆ షెడ్డులో ఉండకు. నీకు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి వచ్చినన్ని రోగాలు ఇప్పుడు రావా?

నీ కోసం ఒక మంచం కొన్నాను. ముందు గదిలో కిటికీ పక్కన వేశాను. ఇనుప మంచం, పాతదే. చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

అక్క

&nbsp;

ఆసుపత్రి, ఖైదీల వార్డు
జూన్

అక్కా,

అక్షరాలు చూసి కంగారు పడకు. ఎడమచేత్తో రాస్తున్నాను. వార్డు ఊడ్చే ఆమె బయట పోస్టు చేస్తానంది.

అనుకున్న రోజు పొద్దున్నే షెడ్డులోకి ముగ్గురూ వచ్చారు. తలుపువాడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. రెండోవాడు సబ్బుల డ్రమ్ము దగ్గర నిలబడ్డాడు. దుప్పట్ల కింద నుంచి మూడోవాడి పాదాలు కనిపిస్తున్నాయి. గుమాస్తా వాళ్ల మధ్య నుంచే దుప్పట్ల మూటతో అటూ ఇటూ తిరిగాడు. ఒకసారి "కాస్త జరుగుతారా" అని పట్టుకోవాల్సినవాణ్ని జరిపి మరీ సబ్బు తీసుకున్నాడు. వాడు జరిగాడు. భోజనాల గంట కొట్టేదాకా ఆగి ఆగి, ముగ్గురూ వెళ్లిపోయారు. నాకు నవ్వు, ఏడుపు, వాంతి మూడూ ఒకేసారి వచ్చాయి.

సాయంత్రం మేస్త్రి వచ్చాడు. మూడు కాగితాలూ ఇస్త్రీ బల్ల మీద పక్కపక్కన పరిచి, ప్లాను చదివినట్టు వేలు పెట్టి బాణాల వెంట నడిపించాడు. ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి, అక్కడి నుంచి మూడోదానికి, మళ్ళీ మొదటిదానికి. చుట్టూ తిప్పి తిప్పి తల ఎత్తాడు.

"నా వేలు ఎక్కడా ఆగట్లేదేంట్రా?" అన్నాడు. చాలా మామూలుగా అడిగాడు.

స్పూనువాడూ తలుపువాడూ నన్ను పట్టుకున్నారు. మేస్త్రి మూడు కాగితాలనూ బాయిలరు కింది మంటలో పడేసి, నా కుడిచెయ్యి రోలరు మధ్యలో పెట్టి పిడి తిప్పాడు. వేళ్లు విరిగే చప్పుడు ముందు వినిపించింది, నొప్పి తర్వాత వచ్చింది. మణికట్టు దాకా తిప్పి, వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పాడు. స్పూనువాడి నడుములో స్పూను నా ఎడమచేతికి అందేంత దూరంలో ఉంది. మేస్త్రి గొంతు నా ముఖం దగ్గర ఉంది. తీయలేదు అక్కా. తీద్దామా అని అనుకున్నాను, తీయలేదు. ఎందుకో నన్ను అడగకు.

గుమాస్తా తీశాడు. స్పూను కాదు, బాయిలరు నుంచి బకెట్. మసిలే సోడా నీళ్లు వెనక నుంచి మేస్త్రి నెత్తిన గుమ్మరించాడు. అలాంటి అరుపు నేను ఇంతవరకు వినలేదు. నన్ను పట్టుకున్న ఇద్దరూ వదిలేసి బయటికి పరిగెత్తారు. అతను కింద పడి గిలగిల కొట్టుకుంటుంటే గుమాస్తా వెళ్లి రెండో బకెట్ నింపుకుని వచ్చాడు. అదీ పోశాడు. ఆ పిట్టంత మనిషి. నేను వద్దని అరిచాను, ఆయనకి వినపడలేదు.

మేస్త్రి నాలుగు రోజులు బతికి చనిపోయాడు. ఇదే వార్డులో, తెర అవతల. ఆ మూలుగు వింటూ పడుకున్నాను.

ఇప్పుడు ఆఫీసు వాళ్ల మాట ఏమిటంటే, పాత పగతో గుమాస్తా కావాలని చంపాడట. నా చెయ్యి అంతకుముందే పనిలో రోలర్లో పడిందట. కాపలావాడి సిగరెట్ల సంగతి బయటపడకూడదు కదా. మిగతా ఇద్దరూ అలాగే చెప్పారు. నేను ఒక్క సంతకం, అదే వేలిముద్ర పెడితే చాలు, సెప్టెంబరులో ఇంటికి పంపిస్తారు. గుమాస్తాని మాత్రం ఉరితీస్తారంటున్నారు. ఉన్నది చెబితే, చంపడానికి చార్టు గీసినవాణ్ని నేనే అవుతాను.

ఏం చేయమంటావు?

తమ్ముడు

&nbsp;

సీసాల ఫ్యాక్టరీ క్వార్టర్లు
జూన్

నాన్నా,

ఇది వార్డు ఊడ్చే ఆమె చేతే పంపుతున్నాను. జైలు ఆఫీసు నుంచి నాకు కాగితం వచ్చింది. పని చేస్తుండగా నీ చెయ్యి ప్రమాదవశాత్తూ రోలర్లో పడిందని అందులో ఉంది. నేను ఆ కాగితాన్నే నమ్ముతున్నాను. నువ్వు కూడా దాన్నే నమ్ము.

ఆయన మొదటి బకెట్ నీ కోసం పోశాడు. రెండోది ఆయన కోసం పోసుకున్నాడు. రెండోదానికి నువ్వు జవాబుదారీ కాదు. నీకు ఇష్టం లేని మాట అంటున్నానని తెలుసు. ఎవరి మీద జాలిపడే ఓపికా నాకు లేదు, నువ్వు ఇంటికి వస్తే చాలు.

ఇంకేమీ గీయకు, ఇంకేమీ చెప్పకు. మంచం మీద కొత్త పరుపు వేశాను.

అక్క

&nbsp;

జైలు, ఒంటరి గది
ఆగస్టు

అక్కా,

నీ మాట వినలేదు.

విచారణకి పెద్ద ఆఫీసరు వచ్చారు. వేలిముద్ర వేయాల్సిన కాగితం ముందు పెట్టి, "చెయ్యి ప్రమాదవశాత్తూ పడిందా?" అని అడిగారు. అవునంటానని ఆయన అప్పటికే సిరా డబ్బా మూత తీసి ఉంచారు. లేదన్నాను.

చార్టుల సంగతి చెబితే నమ్మలేదు. మేస్త్రి వాటిని కాల్చేశాడని చెప్పాను. "అయితే ఇప్పుడు గీయి" అని కాగితాలు ఇచ్చారు. ఎడమచేత్తో గీశాను. పెట్టెలు వంకరపోయాయి, డైమండ్లు నలిగిన సీతాఫలాల్లా వచ్చాయి. మూడు కాగితాలూ ఆయన బల్ల మీద పరిచి, ఎవడు ఎక్కడ నిలబడ్డాడో, ఎవడు నన్ను పట్టుకున్నాడో చెప్పాను. రెండో బకెట్ సంగతి కూడా దాచలేదు. దాస్తే మిగతాది కూడా నమ్మరు కదా. తర్వాత తలుపువాణ్ని పిలిపించారు. వాడు తన కాగితం చూడగానే "ఇదే సార్, నాకిచ్చింది ఇదే" అనేశాడు. పాపం, ముందు నేర్పిన అబద్ధం తప్ప ఇంకో అబద్ధం వాడికి ఎవరూ గీసివ్వలేదు.

"సెప్టెంబరులో ఇంటికి పోయేవాడివి. ఇది ఎందుకు చెప్పావు?" అని ఆఫీసరు అడిగారు.

"మీరు అడిగారు కదండీ" అన్నాను.

గుమాస్తాకి ఉరి లేదని లాయరు చెప్పాడు. శిక్ష ఎంతన్నది ఇంకా తేలలేదు. నాకు తేలింది. కుట్రలో చెయ్యి ఉందని ఇంకో రెండేళ్లు. నన్ను తీసుకెళుతుంటే వరండాలో గుమాస్తా ఎదురుపడ్డాడు. దండం పెడతాడేమో అనుకున్నాను. "ఒక్కడైనా బయటపడేవాడివి కదరా వెధవా" అని మొహం తిప్పుకున్నాడు. కళ్లనిండా నీళ్లు.

నీ పరుపు పాడు చేశాను. తిట్టు.

తమ్ముడు

&nbsp;

సీసాల ఫ్యాక్టరీ క్వార్టర్లు
ఆగస్టు చివర

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి చేతిలో ఉన్న కంచాన్ని గోడకేసి కొట్టాను. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. ఏమైందంటే ఏం చెప్పను? మా తమ్ముడు నిజం చెప్పాడని చెప్పాను. ఆవిడ పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్లిపోయింది.

రెండు రోజులు నిన్ను తిడుతూనే ఉన్నాను. పనిలో తిట్టాను, బస్సులో తిట్టాను. నన్ను ఒంటరిదాన్ని చేసి ఎవరో గుమాస్తాని బతికించుకున్నావు. నిజం చెప్పొద్దన్న నా నోరు కూడా నాకు చేదుగానే ఉంది, అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతాను. నువ్వు ఇంటికి రావాలన్నది తప్ప నాకు ఇంకో ధర్మం తెలియదు.

నిన్న గేటు దగ్గర మీ ఓనరు కనిపించాడు. ఈసారి షాపులోకి దూరలేదు. నిలబడ్డాను. ఆయన నన్ను చూసి కర్ర మీద వాలి ఆగాడు. ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. మళ్ళీ అనమన్నాను. "వాడెలా ఉన్నాడు?" అంటున్నాడు. చెయ్యి పోయిందని చెప్పాను. ఆయన సంతోషించలేదు. జాలీ పడలేదు. తల ఊపి నెమ్మదిగా వెళ్లిపోయాడు.

వచ్చే ఆదివారం నిన్ను చూడటానికి వస్తున్నాను. ఆ చెయ్యి బల్ల కింద దాచుకోకు, నాకు చూడాలని ఉంది.

మంచం తీయడం లేదు. రాత్రి దాని మీద పడుకుని చూశాను. పక్కకి తిరిగితే కిర్రుమంటోంది. రెండేళ్లు ఉంది కదా, బాగుచేయిస్తాను.

అక్క